మా రాజకీయ ర్యాప్ మీద ఎవరి ప్రేమపాటో హక్కు అడిగింది: నా అనుభవం

యూట్యూబ్‌లో మా పాట వీడియో మీద పడ్డ కాపీరైట్ క్లెయిమ్ (ఈ సంగీతం మాదే అని వేరేవాళ్లు వేసిన దావా) ఎత్తేశారని నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. ఒక్క లైను. క్షమాపణ లేదు, కారణం లేదు. ఆ లైను కోసం మేము పడ్డ పాట్లు మర్చిపోకముందే రాసేయాలని కూర్చున్నాను. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు కాబట్టి మధ్యలో ఎవరినైనా తిడితే సర్దుకోండి.

పాట పేరు ‘ప్రశ్నకు పన్నెంత’. రాజకీయ ర్యాప్. ఏ పార్టీ పేరూ ఎత్తలేదు, ఏ నాయకుడినీ తిట్టలేదు. అడిగినవాడి నోరు నొక్కే ప్రతి కుర్చీకీ వర్తిస్తుంది. హుక్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి, ఇది:

నవ్వితే నజరానా, నోరిప్పితే జరిమానా
ప్రశ్నకు పన్నెంతో రాసివ్వు, కట్టేసి మళ్లీ అడగనా?

ఈ రెండు లైన్ల గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ప్రాస కోసం అర్థాన్ని వంచలేదు, అర్థం కోసం తాళం తప్పలేదు. ఈమధ్య వింటున్న ర్యాప్‌లో సగం బూతులు, సగం బూట్ల బ్రాండ్లు. బూతులు తిడితే రాజకీయ పాట అయిపోదు బాబూ. ఎవరిని అడుగుతున్నావో, ఏమడుగుతున్నావో తెలియాలి.

రికార్డింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 90 బీపీఎం (నిమిషానికి 90 తాళం దెబ్బలు), మైకు చుట్టూ దుప్పట్లు, మెయిన్ వోకల్ ఒక ట్రాకులో, డబుల్స్ (బలం కోసం అవే మాటలు మళ్లీ పాడినవి) ఇంకో ట్రాకులో. అయిపోయింది.

వీడియో తీసింది నాకు తమ్ముడి వరస అయ్యే కుర్రాడు. 1989లో సినిమా దర్శకుడు స్పైక్ లీ పబ్లిక్ ఎనిమీ అనే అమెరికన్ ర్యాప్ గ్రూపు కోసం బ్రూక్లిన్‌లో తీసిన వీడియో అంటే వాడికి పిచ్చి. జనాన్ని పోగేసి, ప్లకార్డులు పట్టించి, నిజం ఊరేగింపులాగే నడిపించి తీశారు. “మనమూ ఊరేగింపే తీద్దాం అన్నా” అన్నాడు. మనకంత జనం ఎక్కడ? ఉన్నవాళ్లనే దగ్గర దగ్గరగా నిలబెట్టి, దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో లాగాడు. అలా తీస్తే ముందు వరసకీ వెనక వరసకీ మధ్య ఎడం తెలియదు, పిడికెడు మందే గుంపులా కనిపిస్తారు. ఖర్చులేని కిటుకు, వాడుకోండి.

ఇంకో కిటుకు కూడా చెప్తాను, ఎందుకంటే ఆ షాట్ చూసి అందరూ గ్రాఫిక్స్ అనుకుంటున్నారు. హుక్ దగ్గర నా చుట్టూ కాగితాలు గాల్లో మెల్లగా తేలుతుంటాయి, నా పెదాలు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. కెమెరాని సెకనుకు 50 ఫ్రేముల మీద పెట్టి, పాటని రెట్టింపు వేగంతో స్పీకర్లో వేశాం. నేను 180 బీపీఎం మీద పాడాలి. తర్వాత దాన్ని 25 ఫ్రేముల టైమ్‌లైన్లో సగం వేగానికి తెస్తే పెదాలు అసలు పాటకి అతుకుతాయి, కాగితాలు మాత్రం సగం వేగంతో పడతాయి. రెట్టింపు వేగం ఫైలు ముందే తయారు చేసుకోండి, మొదట్లో మూడు బీప్‌లు పెట్టుకోండి. ఊపిరి ఆడదు. నేను మాత్రం మొదటి టేక్‌లోనే కొట్టేశాను, సాక్షులున్నారు.

ఫ్రేములో కనిపించిన ప్రతివాళ్ల దగ్గరా సంతకం తీసుకున్నాం. రాజకీయ పాట కదా, రేపు ఎవరింట్లోనైనా “మావాడి మొహం ఎందుకు పెట్టారు” అంటే చూపించడానికి కాగితం ఉండాలి. న్యూస్ క్లిప్పులు, పాత ఉపన్యాసాల గొంతులు మధ్యలో వేద్దామని తమ్ముడు గొడవ చేశాడు. వద్దన్నాను. ఉపన్యాసం పాతదైనా ఆ రికార్డింగ్ మీద వేరే హక్కు ఉండొచ్చు. హిప్ హాప్ వాళ్లకి ఈ దెబ్బ కొత్త కాదు. 1991లో అమెరికాలో బిజ్ మార్కీ అనే ర్యాపర్ ఒక పాత పాట ముక్కని అనుమతి లేకుండా వాడుకున్న కేసులో జడ్జి ‘దొంగతనం చేయరాదు’ అనే బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టాడు. ఇదంతా తెలిసి, ఇంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన నాకే ఆ తర్వాత జరిగింది జరిగింది.

ముందు పోస్టర్ల సంగతి. పాట పన్ను గురించి కాబట్టి ప్రచారమంతా రసీదు రూపంలో ఉండాలన్నది మా డిజైనర్ అమ్మాయి ఆలోచన. బంగారం లాంటి ఆలోచన. కవర్ ఆర్ట్ ఒక రసీదు, థంబ్‌నెయిల్ నలిపేసిన రసీదు, చేతికిచ్చే కరపత్రం చించి ఇచ్చే రసీదు. నంబరు, తేదీ, ‘చెల్లించినవారు: మీరే’, ‘దేనికి: అడిగినందుకు’, కింద క్యూఆర్ కోడ్. రంగు దగ్గర మాత్రం ఆగిపోయాం. ఏ రంగు పట్టుకున్నా ఏదో ఒక పార్టీ జెండాయే. చివరికి మాసిన తెలుపు మీద కార్బన్ పేపర్ రంగు పెట్టాం. అయినా ఒకాయన “ఓహో, మీరు వాళ్ల మనుషులా” అననే అన్నాడు.

సైజులు ముందే రాసిపెట్టుకోండి. కవర్ 3000 పిక్సెళ్ల చదరం, థంబ్‌నెయిల్ 1280 × 720, నిలువు వీడియో 1080 × 1920. థంబ్‌నెయిల్లో కింద కుడి మూల నిడివి అంకెలు వచ్చి కూర్చుంటాయి, అక్కడ అక్షరాలు పెట్టకండి. ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు). చిన్న అక్షరాలకి ఒట్టి నలుపు ఇంకు మాత్రమే వాడమనండి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే ప్లేట్లు ఒక్క పిసరు జరిగినా అక్షరాలు అలుక్కుపోతాయి.

తెలుగు అక్షరాల దగ్గర ఒక గండం ఉంది. ఎడిటింగ్ చేసినతని సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల సెట్టింగ్ ఆన్ చేసి లేదు. మొదటి టీజర్‌లో మా పాట పేరు ‘ప్‌రశ్‌నకు’ అని వచ్చింది. వత్తులన్నీ విడిపోయి పొల్లులై నిలబడ్డాయి. అతనికి తెలుగు చదవడం రాదు, కాబట్టి అతని కంటికి అంతా బాగానే ఉంది. టెక్స్ట్ సెట్టింగుల్లో సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకుంటే సరిపోయింది. బయటికి పంపేముందు తెలుగు చదివే మనిషి ఒకరు చూడాలి, అంతే.

ఇక అసలు కథ.

బీటు, అంటే ర్యాప్ వెనక వినిపించే సంగీతం, మేము ఆన్‌లైన్లో లీజుకి తీసుకున్నాం. తెలియనివాళ్లకి చెప్తాను. బీటు కొనడం రెండు రకాలు. ఎక్స్‌క్లూజివ్ అంటే ఇక ఎవరికీ అమ్మరు, ఖరీదు చాలా ఎక్కువ. లీజు అంటే అదే బీటుని ఎంతమందికైనా ఇస్తారు, ఇన్ని స్ట్రీముల వరకు వాడుకోవచ్చని పరిమితి ఉంటుంది. మాది లీజే, స్టెమ్స్‌తో (ఒక్కో వాయిద్యానికి విడివిడి ట్రాకులతో) సహా. కాగితం ఉంది, రసీదు ఉంది. ఒప్పందంలో ఒక షరతు కూడా ఉంది: లీజు తీసుకున్నవాళ్లెవరూ తమ పాటని ఆటోమేటిక్ కాపీరైట్ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేయకూడదు. చేస్తే అదే బీటు మీద పాడిన మిగతావాళ్లందరి మీదా క్లెయిములు పడతాయి మరి.

అప్‌లోడ్ చేసినప్పుడు కాపీరైట్ చెక్‌లో ‘సమస్యలేమీ లేవు’ అని వచ్చింది. విడుదల చేశాం, రసీదులు పంచాం, జనం క్యూఆర్ కొట్టి చూస్తున్నారు. ఆ ఊపులో ఉండగా మెయిల్: మీ వీడియోలో ఫలానా పాట ఉంది, ఆదాయం హక్కుదారుకి వెళ్తుంది. 0:21 నుంచి 3:05 వరకు. అంటే దాదాపు మొత్తం పాట! తీరా చూస్తే అదే బీటు మీద ఎవరో పాడుకున్న ప్రేమపాట. మా తర్వాత లీజుకి తీసుకుని, షరతుని గాలికొదిలేసి, డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని యాప్‌లకి చేర్చే కంపెనీ) దగ్గర ఆ గుర్తింపు వ్యవస్థలో నమోదు చేయమనే డబ్బాలో టిక్కు పెట్టేశాడు. వాళ్ల పాట కొత్తగా రిజిస్టరవగానే యంత్రం వెనక్కి వెళ్లి పాత వీడియోలన్నీ వెతికి మమ్మల్ని పట్టుకుంది. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

డబ్బు పోయిందని కాదు బాధ. మేము ప్రకటనలు పెట్టనే లేదు. ఇప్పుడు అతను పెట్టాడు. పన్నుల మీద, అప్పుల మీద పాడిన పాట మొదలయ్యేముందు చిటికెలో లోన్ ఇస్తామనే యాప్ ప్రకటన. వీడియో కింద సంగీతం వివరాల్లో మా పేరు కాదు, అతని పేరు, అతని ప్రేమపాట పేరు. ఎవడో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి తిప్పాడు: “ట్యూన్ కొట్టేసి విప్లవం చేస్తున్నారు.” ఊరేగింపులో ముందు వరసలో నిలబడ్డ పిల్ల ఫోన్ చేసి “అన్నా, నిజంగా మనం కొట్టేశామా?” అంది. నాకా రోజు అన్నం సహించలేదు. పాటలో మనం పెద్దల లెక్కలు అడుగుతాం, మన లెక్క తేలలేదంటే ఇంక మన మాట ఎవడు వింటాడు?

తీసేసి కొత్త బీటుతో మళ్లీ పెట్టమని సలహాలిచ్చారు. యూట్యూబ్‌లో అదే లింకు కింద వీడియో ఫైలు మార్చడం కుదరదు. పంచేసిన రసీదుల మీద క్యూఆర్ నేరుగా ఆ లింకుకే వెళ్తుంది. వీడియో తీసేస్తే రసీదులన్నీ చిత్తు కాగితాలు. (మీరు మాత్రం క్యూఆర్‌ని మీ సొంత పేజీకి పెట్టి, అక్కణ్ణుంచి వీడియోకి మళ్లించండి.) కాబట్టి పోట్లాడటమే మిగిలింది.

పోట్లాట ఎవరితో అనేది చూడండి. వివాదం నమోదు చేస్తే అది ప్లాట్‌ఫామ్ వాళ్ల దగ్గరికి వెళ్లదు, క్లెయిమ్ వేసినవాడి దగ్గరికే వెళ్తుంది. జవాబివ్వడానికి అతనికి 30 రోజులు. కాదంటే మనం అప్పీలు చేయాలి, అదీ అతనికే. అప్పుడు గడువు 7 రోజులు. మళ్లీ కాదని వీడియో తొలగించమంటే మన ఛానల్ మీద స్ట్రైక్ (కాపీరైట్ తప్పు చేశామనే మచ్చ) పడుతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులైతే ఛానలే ఉండదు. ఫిర్యాదుదారు, తీర్పరి ఒకడే. ఇంతకన్నా రాజకీయ పాటకి సరుకేం కావాలి? రెండో చరణం ముందే రాసి ఉండకపోతే దీని మీదే రాసేవాణ్ణి.

వివాదం ఫారంలో భావప్రకటన స్వేచ్ఛ గురించి దంచేద్దామని తమ్ముడన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్కడ ఆవేశం పనికిరాదు. కారణాల్లో ‘లైసెన్సు ఉంది’ అన్నది ఎంచుకుని బీటు పేరు, లైసెన్సు నంబరు, తేదీ, ఆ షరతు యథాతథంగా రాశాను. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు వివాదం వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని తేలేదాకా పక్కన పెడతారు. అతనికి ఒక్క రూపాయి కూడా ముట్టకూడదని వెంటనే వేశాను. అవును, కక్షే.

అతని డిస్ట్రిబ్యూటర్‌కి రాస్తే టికెట్ నంబరు వచ్చింది. మళ్లీ రాస్తే ఇంకో టికెట్ నంబరు. మనిషి రాసిన వాక్యం ఒక్కటి లేదు. బీటు అమ్మినతను మొదట “నాకేం సంబంధం బ్రో, మీరు మీరు చూసుకోండి” అన్నాడు. డబ్బు తీసుకున్నప్పుడు మాత్రం సంబంధం ఉంది. నేను అతని ఒప్పందాన్నే అతనికి పంపి, షరతు తప్పినవాడి లైసెన్సు రద్దు చేసే హక్కు నీకే ఉందని నువ్వే రాసుకున్నావు, అది చేయకపోతే నీ దగ్గర బీటు కొన్న ప్రతివాడికీ ఇదే గతి అని అందరూ చూసేలా రాస్తానన్నాను. అప్పుడు కదిలాడు. ఆ డిస్ట్రిబ్యూటర్‌కి, బీటు నాది, ఈ క్లెయిమ్ చెల్లదు అని తన పేరుతో రాశాడు. ఇదే పనిచేసింది. మా మెయిళ్లకి కదలనిది అతని ఒక్క మెయిల్‌కి కదిలింది. మీకిలాంటిది ఎదురైతే అవతలి గాయకుడితో గొడవ పెట్టుకోకుండా బీటు చేసినతన్ని పట్టుకోండి.

ప్రమోషన్ పేజీల వాళ్ల గురించి ఒక్క మాట. ‘మీ పాటని వైరల్ చేస్తాం’ అని వచ్చేవాళ్లకి ఏమీ ఇవ్వకండి. డబ్బు కట్టి పోస్టు బూస్ట్ చేద్దామన్నా మాది రాజకీయ ప్రకటన కిందికి వస్తుందని ఆపేశారు. ముందు గుర్తింపు కాగితాలు ఇవ్వాలి, ఎవరు డబ్బు కట్టారో ప్రకటన మీదే వేయాలి. ఆ నియమం మీద నాకు కోపం లేదు. పెద్ద పార్టీలకీ అంతే గట్టిగా వర్తిస్తే ఇంకా సంతోషం.

పొద్దున చూశాను. వీడియో కింద అతని పేరు పోయింది, లోన్ యాప్ పోయింది. ఆ స్క్రీన్‌షాట్ తిప్పినవాడికి క్లెయిమ్ ఎత్తేసిన మెయిల్ ఫొటో పంపాను, ఇంకా జవాబు లేదు. మిగిలిన రసీదుల కట్టలు డిజైనర్ అమ్మాయి దగ్గర ఉన్నాయి, ఈ వారాంతం పంచుతాం. రెండో పాటకి బీటు మాకు తెలిసిన కుర్రాడితోనే కొత్తగా చేయిస్తున్నాం. ఒప్పందం మీద సంతకం అయ్యేదాకా ఒక్క లైను కూడా రాయనని తమ్ముడికి చెప్పేశాను. వాడు మాత్రం అప్పుడే ఊరేగింపుకి మనుషుల్ని వెతుకుతున్నాడు.