ఎఫ్3 నొక్కితే కిటికీ రెండయ్యేది

కావలి ట్రంక్ రోడ్డులో మా డీటీపీ షాపు. మొదటి నుంచీ విండోస్ కాదు, ఉచితంగా దొరికే లైనక్స్ మీదే పని. ఈ ఉదయం సిస్టం ఆన్ చేయగానే కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయాలా అని అడిగింది. 'తర్వాత' నొక్కేశా. నాకు 2014 గుర్తొచ్చింది.

పెళ్లిళ్ల సీజన్ అది. రాత్రి అప్‌గ్రేడ్ పెట్టి ఇంటికెళ్లా. తెల్లారేసరికి జలదంకి నుంచి ఓ పెద్దాయన శుభలేఖ మ్యాటర్ తెచ్చి కూర్చున్నాడు. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి. కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. చూడకుండానే వేళ్లు అక్కడికి పోతాయి. 'చి.ల.సౌ.' మొదలుపెడితే 'చి' పడాల్సిన చోట సెమీకోలన్, ఎఫ్ పడ్డాయి. మళ్లీ కొట్టినా అంతే.

"ఏందబ్బయా, ఇంకా కాలేదా? బస్సు పోద్ది."

ఒకటే టెన్షన్. గంట వెతికాక తెలిసింది, భాషలు మార్చే ఐబస్ ప్రోగ్రాం 1.5 వెర్షన్‌లో ఆ షార్ట్‌కట్‌ను సూపర్ (విండోస్ బొమ్మ ఉండే కీ), స్పేస్ చేసేశారని. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

అంతకంటే బాధ ఎఫ్3 పోవడం. ఫైళ్లు, ఫోల్డర్లు తెరిచే నాటిలస్ ప్రోగ్రాంలో ఎఫ్3 నొక్కితే కిటికీ నిలువునా రెండయ్యేది. ఎడమ పక్క కస్టమర్ పెన్‌డ్రైవ్, కుడి పక్క మా ఫోల్డర్. ఫొటో అటునుంచి ఇటు లాగితే అయిపోయె. 2012లో 3.6 వెర్షన్‌తో దాన్ని తీసేశారట, నా దాకా వచ్చేసరికి రెండేళ్లు పట్టింది. ఆ వారమే ఒక పెళ్లికొడుకు ఫొటో వేరే పెళ్లి ఫోల్డర్‌లో పడింది. ప్రూఫ్‌లో కనిపెట్టాం కాబట్టి సరిపోయింది.

మార్చొద్దని నేననను. రూపాయి తీసుకోకుండా కోడ్ రాసేవాళ్లెందరో ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ పాత పద్ధతికి సెట్టింగ్స్‌లో ఒక్క టిక్కు ఉంచితే ఏం పోతుంది? వేళ్లకు వచ్చిన విద్య కూడా కష్టపడి నేర్చుకున్నదే కదా. 2011లో గ్నోమ్ 3 అనే కొత్త డెస్క్‌టాప్ నచ్చక, లైనక్స్‌ను పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్‌కి మారాడు. గ్నోమ్ 2ని వదల్లేనివాళ్లు ఆ కోడ్ తీసుకుని మాటే డెస్క్‌టాప్ కట్టుకున్నారు. లైనక్స్ మీద నాకు ప్రేమ చావనిది ఇందుకే. లైనక్స్‌లోనే ఒక రకమైన మింట్ వాళ్లు పాత నాటిలస్ నుంచే నెమో అనే ఫైళ్ల ప్రోగ్రాం తయారుచేశారు, అందులో ఎఫ్3 ఉంది. షాపులో ఇప్పుడు అదే.

కొత్త వెర్షన్‌ను ఆదివారం ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో వేస్తా. ముందు 'చి.ల.సౌ.' కొట్టి చూస్తా.