సిలువ మార్గం: ఐదో స్థలం నుంచి మెట్లు

యేసు సిలువ మోసుకుంటూ నడిచాడని సంప్రదాయం చెప్పే సిలువ మార్గం యెరూషలేము పాత పట్టణంలో ఉంది, పొడవు సుమారు 600 మీటర్లే. తొందరపడితే అరగంటలో అయిపోతుంది. గుండెల్లో బరువుతో వచ్చినవాళ్లు మాత్రం అలా నడవొద్దు. నేను తెల్లవారగానే, అంగళ్లు తెరవకముందే బయలుదేరాను. శుక్రవారం మధ్యాహ్నం ఫ్రాన్సిస్కన్ సన్యాసుల ఊరేగింపు వెంట కూడా వెళ్లొచ్చు గానీ, ఆ జనంలో మౌనం దొరకదు. నున్నబడ్డ రాళ్లు తడిస్తే జారుతాయి, పట్టు ఉన్న చెప్పులు వేసుకోండి. దారి ముగిసే పవిత్ర సమాధి ఆలయంలోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి.

యేసు శ్రమల్లోని ఒక్కో ఘట్టాన్ని తలచుకుంటూ ఆగే స్థలాలు మొత్తం 14. మొదటిది ఒక బడి ఆవరణలో ఉంది, ఎప్పుడంటే అప్పుడు లోపలికి వెళ్లలేం. అందుకే నేను వీధికి ఇవతలున్న రెండో స్థలం దగ్గరే ప్రార్థన మొదలుపెట్టాను.

చేతిలో 13వ కీర్తన ఉంటే చాలు. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో కీర్తనకారుడు “ఎన్నాళ్లు” అని దేవుణ్ణి నాలుగుసార్లు అడుగుతాడు. తర్వాతి రెండూ విన్నపం. నమ్మిక మాట వచ్చేది 5వ వచనంలోనే. చాలామంది నేరుగా అక్కడికి దూకేస్తారు. ఏడవాల్సింది ఏడవకుండా అందుకున్న స్తుతి ఇల్లు చేరేసరికి నోట్లోనే ఎండిపోతుంది. నిరీక్షణ అంటే బాధ లేదనుకోవడం కాదు, ఆ బాధను దేవుడి ముఖం మీదే చెప్పగలగడం. కాబట్టి మొదటి స్థలాల్లో మొదటి రెండు వచనాలే చదవండి.

ఐదో స్థలంలో దారి కుడికి తిరిగి మెట్లెక్కుతుంది. తలుపు పక్క గోడలో యాత్రికుల చేతులు తగిలి తగిలి గుంటపడ్డ రాయి ఉంది. దారిలో యేసు మూడుసార్లు పడిపోవడం, వెరోనికా అనే స్త్రీ ఆయన ముఖం తుడవడం, ఇవి సంప్రదాయం చెప్పినవి, సువార్తల్లో లేవు. ఈ ఐదో స్థలంలో తలచుకునే కురేనీయుడైన సీమోను మాత్రం సువార్తల్లో ఉన్నాడు. అతను ఇష్టపడి రాలేదు, బలవంతాన సిలువ ఎత్తించారు. అయినా యేసు మోస్తున్న బరువు అతని భుజం మీదికి మారింది. మనకు అందే సాయమూ ఒక్కోసారి ఇలాగే, మనం ఎదురుచూడని మనిషి చేతుల మీదుగా వస్తుంది. 13వ కీర్తన 3, 4 వచనాలు ఇక్కడ చదివి ఎక్కండి.

చివరి ఐదు స్థలాలూ ఆలయం లోపలే. గుమ్మం దాటగానే కుడివైపు, యేసును సిలువ వేసిన చోటని చెప్పే కల్వరికి నిటారు మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే గోడ పట్టుకుని మెల్లగా ఎక్కాలి. పన్నెండో స్థలంలో బలిపీఠం కింది రంధ్రంలో చెయ్యి పెడితే బండ తగులుతుంది. చెయ్యి విడిచితివేమని యేసు మొరపెట్టిన మాట 22వ కీర్తన మొదటి వచనంలోది. 31 వచనాలున్న ఆ కీర్తన 22వ వచనం నుంచి స్తుతిగా మారుతుంది. మెట్ల మీద ఆగైనా సరే, చివరిదాకా చదవండి.

యేసు సమాధి కూడా అదే కప్పు కింద ఉంది. తూర్పు సంఘాలవాళ్లు ఈ ఆలయాన్ని పునరుత్థాన ఆలయం అంటారు. సమాధి దగ్గర వరుస గంటకు పైగా సాగొచ్చు. లోపల నలుగురైదుగురికే చోటు, ఎక్కువసేపు ఉండనివ్వరు. ప్రార్థన లోపలికెళ్లాక చేద్దామనుకుంటే మిగిలిపోతుంది. 13వ కీర్తన 5, 6 వచనాలు వరుసలో ఉండగానే చదివేసి, ఆ పొట్టి ద్వారం దగ్గర తల వంచి లోపలికి వెళ్లండి.