మిరపకాయే కూర

అక్టోబరులో భూటాన్‌లోని పారో లోయకి వెళితే ముందు కంటపడేది కొండలు కాదు, ఇళ్ళ కప్పులు. రేకుల నిండా ఎర్రటి మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. గుంటూరు వైపు కల్లాల్లో మిర్చి చూస్తూ పెరిగినవాణ్ణే అయినా కారు ఆపించాను. "ఇదంతా అమ్మకానికా?" అని డ్రైవర్ని హిందీలో అడిగితే, "కాదు సార్, ఇంట్లోకే. చలికాలమంతా గడవాలి కదా" అన్నాడు. వెనక సీట్లో మా పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

పెద్దమ్మది తెనాలి. ప్రయాణమంటే ఆవిడ సంచిలో ఆవకాయ, గోంగూర, కందిపొడి ఉండి తీరాలి. బాగ్‌డోగ్రాలో విమానం దిగి, జైగావ్ దగ్గర సరిహద్దు దాటి ఫుంట్‌షోలింగ్ మీదుగా కొండలెక్కాం. మనకి వీసా అక్కర్లేదు, ఓటరు కార్డున్నా సరిపోతుంది. కానీ మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున రుసుము కట్టాలి. వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ లెక్క ముందే వేసుకోవడం మంచిది.

భూటాన్ వాళ్ళ ఇంటింటి కూర ఎమా దత్షి. ఎమా అంటే మిరపకాయ, దత్షి అంటే జున్నులాంటి చీజ్. థింఫూ హోటల్లో బఫే వరసలో అది కూడా పెట్టారు. లావుపాటి పచ్చిమిరపకాయలు, పసుప్పచ్చటి చిక్కటి గ్రేవీ. పెద్దమ్మ గరిటెడు వేసుకుని, "బజ్జీ మిరపకాయకున్న కారం కూడా లేదు, దీనికా ఇంత పేరు!" అని పెదవి విరిచింది. పక్క టేబుల్ దగ్గర యూరప్ నుంచి వచ్చిన జంట మాత్రం అదే కూర రెండు ముద్దలు తిని మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నారు. వంటవాళ్ళు దాన్ని టూరిస్టుల కోసమే, గింజలూ ఈనెలూ తీసేసి చేస్తారని తర్వాత తెలిసింది. కాయలో కారం ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో. అది తీసేస్తే మిగిలేది దాదాపు క్యాప్సికమే.

"అసలుది తింటారా ఆంటీ జీ?" అని మర్నాడు మా డ్రైవర్ తాను రోజూ తినే చోటికి తీసుకెళ్ళాడు. రోడ్డు పక్క చిన్న గది, లోపల నాలుగు బల్లలు, మధ్యలో కట్టెల పొయ్యి. వండుతున్నామె పనిని పెద్దమ్మ పొయ్యి దగ్గరే నిలబడి చూసింది. పచ్చిమిరపకాయల్ని నిలువుగా చీల్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి, కాస్త నూనె, కాసిని నీళ్ళు పోసి ఉడకబెట్టారు. కాయ మెత్తబడ్డాక చీజ్ వేసి మూత పెట్టారు. అంతే. పసుపు లేదు, ధనియాలు లేవు, చింతపండు లేదు. "ఒరేయ్, తాలింపేదిరా?" అంది పెద్దమ్మ. నాకూ అదే అనుమానం. "వీళ్ళు మిరపకాయల్ని వంకాయలనుకుంటున్నారా ఏంటి?" అని కూడా అంది. నిజానికి అంతే. అక్కడ మిరప మసాలా దినుసు కాదు, కూరగాయ.

ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుని తిన్నాం. మన కారం నాలుక అంచున మొదలవుతుంది, పులుపూ ఉప్పూ వెంటే వచ్చి దాన్ని సర్దేస్తాయి. ఇది అలా కాదు. ముందు వెన్నలా దిగిపోయింది, ఏమీ లేదనిపించింది. పది సెకన్లకి గొంతు దగ్గర లేచి చెవుల దాకా పాకింది. ఆవకాయ ముక్క నంజుకుని కళ్ళు చెమర్చని పెద్దమ్మకి ముక్కు కారింది. ఆవిడ తినడం మాత్రం ఆపలేదు. "కారం సంగతి సరే, పులుపు లేకుండా ఎలా తింటార్రా?" అన్నదే ఆవిడ గొడవ.

నాకు నచ్చింది ఆ మాటే. కారం తట్టుకోవడాన్ని మనం మీటర్లో కొలిచే వస్తువులా మాట్లాడతాం, మన జిల్లా పేరు చెప్పి మీసం మెలేస్తాం. మనం అలవాటుపడింది కారానికి ఒక్కదానికే కాదు, దానికి తోడొచ్చే చింతపండుకీ, నూనెకీ, దాన్ని పరిచే గుప్పెడు అన్నానికీ. ఆ తోడు మారితే అదే కారం కొత్తదైపోతుంది. మిరపలోని క్యాప్సైసిన్ చేసే పని రుచి చూపించడం కాదు, నాలుక మీద వేడిని పసిగట్టే నరాలను తట్టిలేపడం. ఆ నరాల్లో వేడిని పట్టే గ్రాహకాన్ని (రిసెప్టర్) కనిపెట్టినందుకే శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పక్షులకి ఆ మంట అంటదు కాబట్టే రామచిలుక పండుమిరపకాయని పండులా తింటుంది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, పాలూ చీజూ అయితే దాన్ని పట్టుకుపోతాయి. భూటాన్ వాళ్ళు మిరపకి చీజ్ జత చేయడం, మనం పెరుగన్నంతో భోజనం ముగించడం ఒకే తెలివి.

అలవాటు ఎలా మొదలవుతుందో పారోలో మేం దిగిన రైతు ఇంట్లో కనిపించింది. మూడేళ్ళ పిల్లాడికి తల్లి బంగాళాదుంపల దత్షి పెడుతోంది. మిరపకాయ ముక్కలన్నీ ఏరేసి, ఆ కారం దిగిన గ్రేవీ మాత్రం ఉంచింది. మన ఇళ్ళలో ముద్దపప్పూ నెయ్యీతో మొదలెట్టి, చారు, తర్వాత చిటికెడు పచ్చడి అన్నట్టే. ఎక్కినట్టే ఈ అలవాటు దిగుతుంది కూడా. డల్లాస్‌లో ఉంటున్న మా తమ్ముడు ఇంటికొస్తే మొదటి వారం పచ్చిపులుసుకే బుస్సుబుస్సుమంటాడు.

ఆ ఇంటాయన మిరప గురించి మాట్లాడటం మొదలుపెడితే ఆపలేదు. పురుగుమందుల అవశేషాలు ఎక్కువున్నాయని 2016లో భూటాన్ ప్రభుత్వం మన దేశపు మిరప దిగుమతిని ఆపేసింది. అప్పుడు చలికాలంలో పచ్చిమిరపకాయల ధర ఎలా ఎగిరిందో చెబుతూ ఆయన చేతులు తిప్పుతుంటే, మన దగ్గర ఉల్లిపాయల గొడవలు గుర్తొచ్చాయి. ఇప్పుడు వెచ్చగా ఉండే దక్షిణ జిల్లాల్లో శీతాకాలపు పంట వేస్తున్నారట. గుంటూరు మాదని చెప్పుకుని ఆ కబురు వినడం నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది.

ఆ రాత్రి పెద్దమ్మ ఆవకాయ సీసా తీసింది. డ్రైవర్ ముక్క నోట్లో వేసుకుని నిమిషం సేపు కిక్కురుమనలేదు. మేమంతా ఆయన మొహంకేసి చూస్తున్నాం. "కారం ఏం లేదు సార్" అన్నాడు చివరికి. మా పెద్దమ్మ వంశ ప్రతిష్ఠకే దెబ్బ! "కానీ ఉప్పు చాలా ఎక్కువ. ముక్కులోకి ఏదో పొడుచుకొచ్చింది." ముక్కులోకి వచ్చింది ఆవపిండి. దాని ఘాటు క్యాప్సైసిన్ కాదు, వేరే పదార్థం. వేళ్ళ మందం మిరపకాయలు నమిలే మనిషి మూడు మెంతిగింజల్ని పళ్ళెం అంచుకి ఏరి పెట్టాడు. గోంగూర మాత్రం మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

తెనాలి చేరాక పెద్దమ్మ ఎమా దత్షి చేసింది. బజ్జీ మిరపకాయలు, అముల్ చీజు, పైన ఇంగువ తాలింపు. ఫొటో డ్రైవర్‌కి పంపితే వెంటనే జవాబొచ్చింది: "బాగుంది సార్. ఆ గింజలు మళ్ళీ ఎందుకు?"