తాటి రొట్టె, శనివారం రొట్టె

"ఇంటికెళ్లాక శనివారం రొట్టె నేను చెయ్యనమ్మా" అంది మా అమ్మాయి. పదకొండేళ్లది. జర్మనీలో మ్యూనిక్ పక్కన మా ఇంట్లో శనివారం పొద్దున్నే పిండి పిసకడం దాని పని, ఇష్టంగా చేసే పని. ఎందుకు చెయ్యవని అడిగితే, "అమ్మమ్మ తినడానికి చేస్తుంది. మనం ఇంట్లోనే చేసుకుంటామని అందరికీ చెప్పుకోడానికి చేస్తాం" అంది. కోపంతో అన్న మాట కాదు. చూసింది చూసినట్టు చెప్పింది. అందుకే నాకది మనసులోంచి పోవడం లేదు.

మేమిప్పుడు శ్రీకాకుళం జిల్లాలో కవిటి దగ్గర మా ఊళ్లో ఉన్నాం. మా ఉద్దానం ప్రాంతంలో తాటిపళ్లు రాలే రోజులు. మా పిల్లల బడికి ఆగస్టు నుంచి సెప్టెంబరు సగం దాకా సెలవులు కాబట్టి సంక్రాంతికి ఎప్పుడూ రాలేం, ఈ వానల్లోనే వస్తాం. జీడి కోతలు వేసవిలోనే అయిపోతాయి, పనసపళ్లూ అయిపోతాయి. మాకు దొరికేది తాటిపండే. పొద్దున్న చీకటుండగానే తాతయ్యతో గట్టు మీదికెళ్లి రాలిన పళ్లు ఏరుకొస్తారు పిల్లలు. ఆలస్యమైతే ఆవులు తినేస్తాయి.

తాటి రొట్టె చెయ్యడం ఒక పూట పని కాదు. పండు తోలు ఒలిచి, టెంకల్ని కాసిని నీళ్లతో బుట్ట వెనక వేసి రుద్దితే గుజ్జు దిగుతుంది. చేతులు మోచేతుల దాకా పసుపెక్కుతాయి. "సేదుంటాదో తీపుంటాదో సెట్టుని బట్టుంటాది, ముందు నాలిక్కి రాసి సూడవే" అని మా అమ్మ దానికి నేర్పింది. చేదనిపిస్తే గుజ్జుని గుడ్డలో కట్టి వేలాడదీస్తారు. తర్వాత బియ్యం నూక, బెల్లం, కొబ్బరికోరు కలిపి కాసేపు నాననిస్తారు. మందపాటి మూకుడుకి నూనె రాసి, అరిటాకు పరిచి, పిండి పోసి, పైన మళ్లీ ఆకు, దాని మీద మూత. అడుగున సన్నటి సెగ, మూత మీద కొబ్బరి చిప్పల నిప్పులు. పైనా కిందా వేడి సమంగా తగలాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా వాళ్ల ఇళ్లలో చేసే పోడ పిఠా కూడా ఈ పద్ధతే, ఆకుల్లో చుట్టి రాత్రంతా పొయ్యిలో వదిలేస్తారు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, నేను కొనిచ్చిన చిన్న ఓవెన్ కూడా ఉంది. అమ్మ దాన్ని గుడ్డ కప్పి ఉంచింది. తాటి రొట్టెకి మాత్రం పెరట్లో పొయ్యే.

మిగిలిన టెంకల్ని పిల్లలు పారేయబోతే, "పారేత్తావేటే గుంటా, పాతరెయ్యాల" అని అమ్మ ఆపింది. ఇసుకలో పాతర వేశారు. అవి మొలకెత్తి సంక్రాంతి నాటికి తేగలవుతాయి. తవ్వి, కుండలో కాల్చుకుని తింటారు. అప్పటికి మేముండం. మా అమ్మాయి పాతర చుట్టూ కొబ్బరి మట్టలు నాటి, ఎవరూ తొక్కకుండా గుర్తు పెట్టుకుంది. తను తినని తేగల కోసం దానికంత జాగ్రత్త ఎందుకో నేను అడగలేదు.

ఇవన్నీ చూశాక మా శనివారం రొట్టె దానికి ఉత్తిదనిపించింది. నేను ఒప్పుకోలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోవడం లేదు. అక్కడ మా ఇంట్లో సోర్‌డో పిండి సీసా ఉంది, అంటే రొట్టెని పొంగించడానికి పులియబెట్టి ఉంచుకునే పిండి. నాలుగు రోజులు ఊరెళ్తే పక్కింటావిడకి అప్పగించి వెళ్తాను. కొన్న బ్రెడ్డు ఇంట్లోకి రానివ్వనని పట్టుబట్టాను. ఆ పట్టుదల మా ఆయనకి అర్థం కాదు, పిల్లలకి అంతకన్నా కాదు. మిగతా వారమంతా ఫ్రీజర్లో పరోటాలుంటాయన్న సంగతీ వాళ్లకి తెలుసు. అయినా శనివారం పొద్దున్న పిండి కాలే వాసన ఇల్లంతా రావాలి నాకు. అలా వచ్చినప్పుడే ఆ ఇల్లు మాదనిపిస్తుంది.

దానికి చెప్పాలనుకున్నది ఇది. మినప్పిండిని పొంగించే సూక్ష్మజీవులు పప్పుతోనే వస్తాయి. సోర్‌డోని పొంగించేవి చాలావరకు పిండితోనే వస్తాయి. రెంటికీ కొన్న ఈస్ట్ అక్కర్లేదు. ఇక్కడ రాత్రి రుబ్బి మూత పెడితే తెల్లారేసరికి గిన్నె అంచు దాటుతుంది. అక్కడ జనవరిలో ఓవెన్‌లో లైటు వేసి లోపల పెట్టినా మర్నాడు మధ్యాహ్నం దాకా చూడాలి. పని అదే, చలికి ఆలస్యం, అంతే. ఇక్కణ్నించి తీసుకెళ్లిన చోడి (రాగి) పిండి కూడా రొట్టెలో కలుపుతాను. పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ చోళ్లలో ఉండదు కాబట్టి పిండిలో నాలుగో వంతు దాటితే రొట్టె సరిగా పొంగదు, ముక్క విరిగిపోతుంది. గోధుమ లాంటి రై ధాన్యం పిండిలోనూ ఆ సాగే గుణం తక్కువే. అందుకే అక్కడివాళ్లు దాన్ని బాగా పులియబెట్టి, బరువుగానే కాల్చుకుని, పల్చటి ముక్కలు కోసుకు తింటారు. అది తెలిశాక నేను చోడి రొట్టెని మెత్తగా చెయ్యాలని తాపత్రయపడడం మానేశాను. మా అమ్మాయి దాన్ని బడికి పట్టుకెళ్తుంది, ఎవరైనా అడిగితే ఒక ముక్క పెడుతుంది కూడా. ఇదంతా ఉత్తిది ఎలా అవుతుంది?

చెప్పాను. శ్రద్ధగా విని, "పిండి కొంటాం కదా" అంది.

అప్పుడు దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లాను. అమ్మమ్మ కొననిదేమిటో చూపించమన్నాను. ఉప్పు కొన్నది. పప్పులు, నూనె, బెల్లం, అగ్గిపెట్టె కొన్నవి. పల్లంలో ఉన్న కాస్త నేల చెక్కలో వరి పండితే కొన్ని నెలలకి వస్తుంది, మిగతా బియ్యం కొంటారు. జీడిపప్పు సంగతి అడిగాను. తోటలో జీడి చెట్లున్నాయి, మా చదువులు వాటి మీదే అయ్యాయి. అయినా పప్పు పలాస నుంచి కొని తెచ్చుకున్నదే. నాన్న పిక్కల్ని ఎనభై కిలోల బస్తాల లెక్కన వ్యాపారికి అమ్మేస్తారు. పిక్క కాల్చి, పెంకు కొట్టి, పొర తీసి, నిండు పప్పునీ బద్దల్నీ వేరు చేసే పని పలాస-కాశీబుగ్గల్లో జరుగుతుంది. ఆ పెంకులోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఇంట్లో సరదాకి కాల్చుకోవచ్చు గానీ ఏడాదికి సరిపడా ఎవరూ కొట్టుకోరు.

నీళ్ల సంగతి కూడా దానికి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పాను. పెరట్లో బావి ఉంది. ఆ నీళ్లు తాగే నేను పెరిగాను. ఇప్పుడా బావి నీళ్లు తాగడానికీ వంటకీ వాడరు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ముంచిందో ఇక్కడ అందరికీ తెలుసు. మా వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు. ఎందరు వచ్చి ఎన్ని పరీక్షలు చేసినా కారణం ఇదీ అని తేల్చి చెప్పలేదు. నీళ్లేనని కూడా రుజువు కాలేదు. కానీ భయం బావి మీదే నిలిచింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైంది, అదే నెల్లో పలాసలో కిడ్నీ ఆసుపత్రీ తెరిచారు. అంత దూరం నుంచి గొట్టంలో వచ్చే నీళ్లతో అమ్మమ్మ తాటి గుజ్జు కలిపిందని చెప్పాను. మన సొంతమన్నదే మనకి చెరుపు చేస్తుందేమోనన్న భయంతో బతకడం ఎలా ఉంటుందో పదకొండేళ్ల పిల్లకి ఎంత అర్థమవుతుందో నాకు తెలీదు.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కానీ నూనె గానుగాయన ఎవరో అమ్మమ్మకి తెలుసు. బెల్లం ఎవరింటి నుంచి వచ్చిందో తెలుసు. మన పిండి ఎవరు ఆడారో నీకు తెలీదు కదమ్మా" అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించిన కొద్దీ దాని మాటే సరైనదనిపిస్తోంది. నేను వెతుకుతున్నది ఏమీ కొనక్కర్లేని బతుకు కాదు, అలాంటిది మా అమ్మకీ లేదు. మూకుడు దింపగానే మొదటి ముక్క ఎవరింటికి వెళ్లాలో అమ్మకి తెలుసు. పోయినవారం వాళ్లు ఆనపకాయ ఇచ్చారు. గిన్నె ఖాళీగా తిరిగి రాదు. శనివారం నేను చేసే రొట్టె మా నలుగురి కంచాల్లోనే అయిపోతుంది. దాన్ని మార్చాలంటే పిండి పండించక్కర్లేదు, తలుపు తీసి పక్కింటికి పట్టుకెళ్తే చాలు. సీసా అప్పగించడానికి వెళ్తాను గానీ రొట్టె ఇవ్వడానికి ఎప్పుడూ వెళ్లలేదు.

పిల్లల్ని ఊరికి తీసుకొచ్చే తల్లిదండ్రులకి నేను చెప్పగలిగేది ఒకటుంది. పండక్కి కాదు, పని ఉన్న రోజుల్లో తీసుకురండి. పండగనాడు పిల్లలు చుట్టాలు. పనిరోజున ఇంటివాళ్లు. ఏదో ఒక వంట మొదటినించి చివరిదాకా, చెట్టు కింది నుంచి కంచం దాకా వాళ్ల చేతుల మీద జరగనివ్వండి. ఇంత వరకూ ధైర్యంగా రాశాను. దీని తర్వాత ఏం జరుగుతుందో మాత్రం చెప్పలేను. ఇంతగా చూపించి, మళ్లీ విమానమెక్కించి తీసుకుపోవడం పిల్లలకి మంచిదా? తెలియకపోతే దేనికోసమూ బెంగపడరు కదా. నాకా ధైర్యం మొదట్నించీ లేదు, అందుకే ఏటా తీసుకొస్తున్నాను. వాళ్ల కోసమా, నా కోసమా అంటే నాకే స్పష్టంగా లేదు.

మా నాన్న నన్ను ఈ తోటలోంచి కావాలనే బయటికి పంపారు. "నీకీ బురద వద్దమ్మా" అనేవారు. ఈ ఊరికి వలస కొత్త కాదు. చెన్నై, ముంబై వెళ్లినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. నేను ఇంకాస్త దూరం వెళ్లాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను జర్మనీలో టీవీ ముందు కూర్చున్నాను. రోజుల తరబడి ఫోను కలవలేదు. కలిశాక నాన్న ఇంటి గురించి చెప్పలేదు, "కొబ్బరి లేదమ్మా" అన్నారు. జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తాతల నాటి కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. డబ్బు పంపిస్తాను, ఇంక విశ్రాంతి తీసుకోమన్నాను. ఆయన ఆ డబ్బుతో కొబ్బరి మొక్కలు కొన్నారు. పొడుగు రకం, కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. అప్పటికే ఆయనకి అరవై అయిదు దాటాయి. ఎవరి కోసం నాన్నా అంటే, "నేల ఖాళీగా ఉంటే సూళ్లేను" అన్నారు.

ఇప్పుడవి కాపుకొచ్చాయి. ఈసారి పిల్లలు తాగిన బొండాలు ఆ చెట్లవే. కాయలు దింపే మనిషి దొరకడమే గగనమైపోయింది, దొరికినా నాన్న దగ్గరుండి చూసే ఓపిక లేదు. వచ్చే ఏడు తోట కౌలుకి ఇచ్చేస్తానంటున్నారు. నాకు బాధగా ఉన్నా, అదే మంచిదని నేనే ఆయనకి చెబుతున్నాను.

మొన్న రాత్రి ఈ మాట మా అమ్మాయి విన్నది. పడుకునేముందు నా దగ్గరకొచ్చి, "నేను పెద్దయ్యేదాకా ఇవ్వొద్దని తాతయ్యకి చెప్పమ్మా" అంది. వచ్చే వారం మేం బయలుదేరాలి. నాన్నకింకా చెప్పలేదు. చెబితే ఆయన నిజంగానే ఇవ్వడం మానేస్తారు.