గడువు తీరకముందే డీటీహెచ్ కనెక్షన్ రద్దు చేయించుకున్న నా అనుభవం

విశాఖపట్నం మర్రిపాలెంలో ఏళ్ల తరబడి ఉన్న అద్దె ఇంటిని వదిలి, మధురవాడలో మా అబ్బాయి కొన్న ఫ్లాటుకు ఈ మధ్యనే మారాము. గ్యాసు, పాలు, పేపరు, బ్యాంకులో చిరునామా వంటివన్నీ పెద్దగా శ్రమ లేకుండానే సర్దుకున్నాయి. ఏడాది ఒప్పందం మీద తీసుకున్న డీటీహెచ్ కనెక్షన్‌ను మధ్యలో రద్దు చేయించుకోవడం మాత్రం నన్ను నలుగురిలో నిలబెట్టి దొంగ అనిపించేంత దూరం వెళ్లింది. నాకు రావలసిన సొమ్ములో చాలా భాగం నిన్ననే ఖాతాలో పడింది. కోపం ఇంకా తగ్గలేదు; తగ్గేలోగా కొన్ని వివరాలు మరుగున పడిపోతాయని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

కనెక్షన్‌ను కొత్తింటికి మార్పించుకోవాలనే మొదట అనుకున్నాము. అయితే డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఉంటాయి కనుక, సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న విశాఖపట్నంలో డిష్ దక్షిణపు ఆకాశం వైపే చూడాలి. మా ఫ్లాటు బాల్కనీ ఉత్తరానికి ఉంది. దక్షిణం వైపు పక్క బ్లాకు అడ్డం. డాబా మీద పెట్టుకుందామంటే, ఎవరికి వారు డిష్‌లు బిగించుకోవడానికి వీల్లేదని అపార్ట్‌మెంటు సంఘం తీర్మానం చేసుకుంది. వారిని నేను తప్పు పట్టను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజు మర్రిపాలెంలో మా డాబా మీది డిష్ ఊడి వీధి అవతల పడింది. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టుల మీద నిలబడిన డిష్ ఎంత ప్రమాదకరమో ఈ ఊరివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. వచ్చి చూసిన టెక్నీషియన్ కూడా ఇక్కడ సిగ్నల్ అందదని తేల్చి, ఆ మాటే చీటీ మీద రాసి సంతకం పెట్టాడు. ఎవరైనా కుదరదని చెబితే విని ఊరుకోకండి, రాయించుకోండి.

కస్టమర్ కేర్‌తో మాట్లాడడం అనుకున్నంత కష్టం కాలేదు. రద్దు అనగానే ఫోనులో ఉన్న అమ్మాయి రెండు నెలలు ఉచితంగా ఇస్తామంది, తరువాత ప్యాకు ధర తగ్గిస్తామంది, చివరకు మధ్యలో మానేస్తే ముందు కట్టిన సొమ్ములో ఒక్క రూపాయి కూడా తిరిగి రాదంది. నేను దరఖాస్తు ఫారం నకలును ఎదుట పెట్టుకునే ఫోన్ చేశాను. టెలివిజన్ సేవల నాణ్యత గురించీ వినియోగదారుల రక్షణ గురించీ టెలికాం, టీవీ ప్రసార సేవలను నియంత్రించే ట్రాయ్ 2017లో చేసిన నిబంధనల ప్రకారం ఆ నకలు చందాదారుకు ఇచ్చి తీరాలి. మా ఫారంలో ఉన్న షరతు వేరు: గడువుకు ముందే మానేస్తే బాక్సు అద్దెలో ఇచ్చిన రాయితీని మాత్రమే కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, వాడుకోని నెలల చందానూ, బాక్సు అప్పగించాక డిపాజిట్‌నూ తిరిగి ఇస్తుంది. ఆ షరతును అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత ఒప్పందంగా పరిగణిస్తుందని కూడా చెప్పాను. ఆమె కాసేపు లైన్లో ఉంచి, ఎవరినో అడిగి వచ్చి, రద్దు అభ్యర్థన నంబరు ఇచ్చింది.

బాక్సు తీసుకువెళ్లడానికి మనిషి వస్తాడన్నారు. అతని కోసం పాత ఇంటి తాళాలు ఇంటివారికి అప్పగించకుండా ఎదురుచూశాము, ఎవరూ రాలేదు. మళ్లీ అడిగితే, ద్వారకానగర్‌లో ఉన్న సర్వీసు కౌంటరుకు మీరే తెచ్చి ఇవ్వండన్నారు. బాక్సు, అడాప్టరు, రిమోటు, వైర్లు, డిష్ ముందుండి సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీతో సహా సంచిలో సర్దుకుని, మా ఆవిడతో కలిసి సిటీ బస్సులో వెళ్లాను.

కౌంటరులోని కుర్రాడు బాక్సును తిరగేసి, అడుగున ఉన్న సీరియల్ నంబరును కంప్యూటరులో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. తల ఎత్తకుండానే, "ఇది మీ బాక్సు కాదు" అన్నాడు.

"మా ఇంట్లోంచే తెచ్చాను బాబూ. ఇంకెవరిదవుతుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను పెద్దాయనా. మీ పేరున ఉన్న బాక్సేటి, మీరు తెచ్చిందేటి? మంచిది అమ్మేసుకుని పాతది పట్టుకొచ్చేవాళ్లు మాకు చాలామంది తగుల్తారు."

కుర్చీలలో కూర్చున్నవాళ్లందరూ మా వైపు తిరిగారు. నేను పోర్టు అకౌంట్స్ విభాగంలో గుమాస్తాగా చేరి, పదవీ విరమణ చేసేదాకా ఎన్నో కోట్ల రూపాయల బిల్లులు నా చేతి మీదుగా వెళ్లాయి. ఆడిట్‌లో ఒక్కసారి కూడా నా సంతకం మీద అభ్యంతరం రాలేదు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అటువంటిది, డిపాజిట్ కట్టి తెచ్చుకున్న బాక్సును మార్చేశానని మా మనవడి ఈడు కుర్రాడు అంటుంటే నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, "పోనివ్వండి, ఆ డిపాజిట్ వదిలేసి వెళ్లిపోదాం" అంది. ఆ మాట కూడా కుర్రాడి చెవిన పడింది. "డిపాజిట్ వదిలేస్తే సరిపోదమ్మా. బాక్సు ఖరీదు కట్టాల, లేపోతే ఇంటికి నోటీసు వస్తాది" అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకోవడం చూశాక, సొమ్ము సంగతి ఎలా ఉన్నా ఈ మాటను వెనక్కి తీసుకునేలా చేయకుండా వదలకూడదని నిశ్చయించుకున్నాను.

అసలు జరిగింది ఇది. కనెక్షన్ తీసుకున్న కొత్తలోనే మొదటి బాక్సు చెడిపోతే, కంపెనీ పంపిన టెక్నీషియన్ దానిని తీసుకుని, వారంటీ కింద ఇంకొకటి పెట్టి వెళ్లాడు. ఆ మార్పును ఈ కౌంటరు వాడే జాబితాలో ఎవరూ ఎక్కించలేదు. అద్దాల గదిలో ఉన్న మేనేజరుకు ఇదంతా చెబితే, ఆ టెక్నీషియన్ మానేశాడనీ, సిస్టంలో లేనిదానికి తామేమీ చేయలేమనీ అన్నాడు. సిస్టంలో ఉన్నదాన్ని కూడా ఒక మనిషే రాస్తాడు. రాయవలసిన మనిషి రాయకపోతే అది అతని తప్పు కాకుండా ఎదుటివాడి దొంగతనం ఎలా అవుతుంది? లెక్క తేడా వచ్చినప్పుడు ముందు మన పుస్తకం చూసుకోవాలి, ఆ తరువాతే ఎదుటివాడిని అడగాలి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సూపరింటెండెంటుగారు నేర్పిన మొట్టమొదటి పాఠం అదే.

అప్పుడు మేనేజరును ఒకటే ప్రశ్న అడిగాను. డీటీహెచ్‌లో సిగ్నల్ ఆకాశం నుంచి అందరి మీదా ఒకేలా పడుతుంది, కానీ అది తాళం వేసి పంపే సిగ్నల్. చందా కట్టిన బాక్సుకూ, అందులోని కార్డుకూ కంపెనీ అనుమతి పంపితేనే చానళ్లు తెరుచుకుంటాయి. ఈ బాక్సులో, ఈ కార్డు మీద మా ఇంట్లో ఇన్ని నెలలు తెలుగు చానళ్లన్నీ వచ్చాయి. ఇది మీ లెక్కలో లేని బాక్సయితే దీనికి అనుమతి పంపినది ఎవరు? మేనేజరు జవాబు చెప్పలేదు. పాత చీటీ ఏదైనా ఉంటే తీసుకురండి, చూద్దాం అన్నాడు.

ఆ చీటీ ఉంది. కాని ఇల్లు మారిన హడావుడిలో కాగితాలన్నీ ఇంకా విప్పని అట్టపెట్టెలలో ఉన్నాయి. ఆ రాత్రి నేనూ మా కోడలూ కూర్చుని పెట్టెలన్నీ విప్పితే, వారంటీ కార్డుతో పాటు ఒక ప్లాస్టిక్ కవరులో దొరికింది: తీసుకువెళ్లిన బాక్సు నంబరు, పెట్టిన బాక్సు నంబరు, తేదీ, టెక్నీషియన్ సంతకం, అన్నీ ఉన్నాయి. మరునాడు కౌంటరు తెరిచేసరికి వెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాను. అతడు చీటీ చూసి, కంప్యూటరులో ఇంకొక పేజీ తెరిచి, కార్డు నంబరు కొట్టాడు. రెండు బాక్సుల నంబర్లూ తేదీలతో సహా అందులో కనబడ్డాయి. ముందురోజు అదే పేజీ తెరిచి ఉంటే మా ఆవిడ కంట నీరు పెట్టేది కాదు. "చిన్న పొరపాటు గురువుగారూ, ఏమీ అనుకోకండి" అన్నాడు. పదిమందిలో అన్న మాటను గదిలో వెనక్కి తీసుకుంటే సరిపోదని చెప్పాను. కుర్రాడిని పిలిపించి, హాలులోకి తీసుకువచ్చి, పొరపాటు తమదేనని అతని చేత చెప్పించేదాకా కదలలేదు. అప్పటికి అక్కడున్న జనం వేరే అయినా సరే, ఆ మాట అక్కడే వినబడాలి.

తరువాత రసీదు దగ్గర ఇంకొక పేచీ. ఫోనుకు మెసేజ్ వస్తుంది, కాగితం ఇవ్వం అన్నారు. బాక్సు నంబరు, కార్డు నంబరు, వెంట ఇచ్చిన వస్తువుల పేర్లు, తేదీ వేసి, స్టాంపు కొట్టి ఇస్తేనే సంచి ఖాళీ చేస్తానన్నాను. ఇచ్చారు.

మీరు కూడా కనెక్షన్ పెట్టిన రోజే బాక్సును తిరగేసి సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి. బాక్సు మారిస్తే చీటీ లేనిదే పాతదాన్ని గుమ్మం దాటనివ్వకండి. "అంతా నేను చూసుకుంటాను" అనే డీలరు మాట అసలు నమ్మకండి. మా డీలరు ఫోను ఎత్తడమే మానేశాడు. ట్రాయ్‌కి రాసి ప్రయోజనం లేదు, అది విడివిడి ఫిర్యాదులను పరిష్కరించదు. ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి రాయాలి, ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి, అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు మించకపోతే అక్కడ ఫీజు ఉండదు. ఒప్పందమే అనుచితమైనదని వాదించదలచుకుంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇంకొక మాట కూడా చెప్పాలి. నంబరు మారకుండా మొబైల్ కంపెనీని మార్చుకునే వీలు 2011 నుంచి దేశమంతటా ఉంది. టీవీ విషయంలోనూ అలాగే ఒక కంపెనీ బాక్సు ఇంకొక కంపెనీకి కూడా పనికివచ్చేలా ఉండాలని ట్రాయ్ 2020లో సిఫారసు చేసింది. అదే జరిగితే బాక్సు జనం సొంతం అవుతుంది, దానిని తిరిగి ఇవ్వడానికి కౌంటరు ముందు నిలబడే అవసరం ఎవరికీ ఉండదు.

నిన్న వచ్చిన సొమ్మును లెక్క చూసుకున్నాను. రాయితీ మినహాయింపు ఒప్పందం ప్రకారమే ఉంది, చందా నెలల లెక్కా సరిపోయింది. రిమోటు ఇవ్వలేదని చెప్పి 150 రూపాయలు కోసుకున్నారు. రిమోటు ముట్టినట్టు స్టాంపు వేసిన రసీదు నకలు జతచేసి, నోడల్ అధికారికి ఈ ఉదయమే రాశాను. కొత్తింట్లో అపార్ట్‌మెంటు అంతటికీ ఉన్న కేబుల్ లైను నుంచి కనెక్షన్ తీసుకున్నాము. ఏడాది ఒప్పందం లేదు, నెలనెలా కట్టుకునేదే. బాక్సును అద్దెకు కాక సొంతానికే కొన్నాము. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి, ఆపరేటరు సంతకం పెట్టాకే డబ్బు చేతికిచ్చాను.