తిరువాన్మియూరు నుంచి మరక్కాణం దాకా: చూసే తీరం, కొనే నేల

చెన్నైలో కాపురముండే తెలుగువాళ్ల ఇంటికి నెల్లూరు నుంచో విజయవాడ నుంచో చుట్టాలొస్తే రెండోరోజు మహాబలిపురం ఖాయం. ఇప్పుడు దానికి ఇంకో మాట తోడైంది: ‘‘ఈసీఆర్‌లో ఎక్కడైనా ఒక గ్రౌండు చూసిపెట్టరాదూ?’’ ఈసీఆర్ అంటే చెన్నై నుంచి తీరం వెంట దక్షిణానికి సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు. గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు, మన లెక్కలో అయిదున్నర సెంట్లు. ఈ రెండు పనులూ మనసులో పెట్టుకుని తీరం వెంట, పుదుచ్చేరికి ముందొచ్చే మరక్కాణం దాకా వెళ్లాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ దారిలో డబ్బు పెట్టదగ్గ చోట్లు చాలానే ఉన్నాయి, కానీ అవి అలల అంచున లేవు.

శని, ఆదివారాల్లో పొద్దున ఆరు లోపే, ఈసీఆర్ మొదలయ్యే తిరువాన్మియూరు దాటాలి. ఆలస్యమైతే నీలాంకరై నుంచి ఉత్తండి టోల్‌గేటు దాకా బండి నత్తనడకే. ముట్టుకాడు దగ్గర బ్యాక్‌వాటర్ సముద్రంలో కలుస్తుంది, పడవ షికారు ఉంటుంది. అక్కడే దక్షిణాది పాతకాలపు ఇళ్లను తెచ్చి నిలబెట్టిన మ్యూజియం దక్షిణచిత్ర ఉంది, దానికి మంగళవారం సెలవు. అందులో మన ఉత్తర కోస్తా చుట్టిల్లు ఒకటుంది, తీరంలో ఇల్లు కట్టాలనుకునేవాళ్లు తప్పకుండా చూడాలి. గోడ గుండ్రం, చూరు బాగా కిందికి దిగి ఉంటుంది, తల వంచితేగాని లోపలికి వెళ్లలేం. గాలివాన కొట్టడానికి మూల లేదు, కప్పు కిందికి దూరి లేపడానికి సందు లేదు. ఇప్పుడు ఈసీఆర్‌లో కడుతున్న అద్దాల విల్లాల్లో ఈ తెలివి కనిపించదు. 2022 డిసెంబరులో మాండూస్ తుపాను తీరం దాటింది ఈ మహాబలిపురం పరిసరాల్లోనే.

కోవళం బీచికి 2021లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచిలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. సర్ఫింగు నేర్పేవాళ్లలో చాలామంది మత్స్యకార కుటుంబాల కుర్రాళ్లు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, సముద్రం ఉగ్రంగా ఉంటుంది. కొత్తవాళ్లు అప్పుడు దిగకూడదు. మిగతా నెలల్లోనూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నీళ్లు నిశ్చలంగా కనిపిస్తే, పిల్లలకు అదే మంచి చోటని అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకు చేరిన నీరంతా లోపలికి వెనుదిరిగే దారి అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

మహాబలిపురంలో తీరాలయం, అర్జున తపస్సు శిల్పం రెండూ తూర్పు ముఖం, కాబట్టి ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూటే చూడాలి. భారతీయులకు టికెట్ 40 రూపాయలు, పంచ రథాలకూ అదే చెల్లుతుంది. అర్జున తపస్సుకు టికెట్ లేదు. ఏనుగుల దగ్గర కాసేపు ఆగండి. ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నట్టు ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డ పిల్లి, దాన్ని నమ్మి చుట్టూ చేరిన ఎలుకలు కనిపిస్తాయి. హడావిడిగా ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఇది దొరకదు. 1984 నుంచి మహాబలిపురం కట్టడాల సముదాయం ప్రపంచ వారసత్వ స్థలం. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లకు అనుమతి కావాలి. ‘గుడి కనిపించే ప్లాటు’ అన్నప్పుడు మొదట అడగాల్సింది ఆ దూరమే.

సముద్రం విషయంలో లెక్క హైటైడ్ లైన్ నుంచి మొదలవుతుంది. పోటునీళ్లు చేరే గరిష్ఠ గీత అది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల కింద, పల్లెప్రాంతాల్లో ఆ గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన చోట్లకు దాన్ని 50 మీటర్లు చేసింది. మీ సర్వే నంబరు ఏ విభాగంలో పడుతుందో ఆమోదించిన మ్యాపులో చూసుకోవాలి, బ్రోకరు నోటిమాట చాలదు. రోడ్డుకు పడమటి పక్క కూడా తేలిక కాదు. మన పెదగంజాం నుంచి వచ్చే బకింగ్‌హాం కాలువ ఇక్కడ ఈసీఆర్ వెంటే మరక్కాణం దాకా వెళ్తుంది. పోటుపాట్లు తగిలే కాలువలూ ఈ నిబంధనల కిందికే వస్తాయి, దూరం లెక్క మాత్రం వేరు.

కాగితాల్లో పట్టా, చిట్టా (రెవెన్యూ రికార్డు), ఎఫ్ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూడాలి. పట్టా ఒక్కటే చూసి అడ్వాన్సు ఇవ్వకండి. పొరంబోకు, అంటే ప్రభుత్వ భూమిగానీ, దళితులకిచ్చిన పంచమి భూమిగానీ అయితే రిజిస్ట్రేషన్ జరిగినా నిలవదు. లేఅవుటుకు డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) లేదా సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) ఆమోదం, రెరా నంబరు ఉండాలి. స్టాంపు డ్యూటీ 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం బడ్జెట్లో ముందే కలుపుకోండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు నీళ్లు. ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భశాస్త్రం లెక్కలో మంచినీటి మట్టం ఒక అడుగు దిగితే కిందనుంచి ఉప్పునీరు సుమారు నలభై అడుగులు పైకి వస్తుంది. ఒక రిసార్టు లోతుగా బోరు వేసి తోడితే చుట్టుపక్కల బావులన్నీ ఉప్పనవుతాయి. కాబట్టి కొనేముందు పక్కింటి బావినీళ్లు మే నెలలో రుచి చూడాలి. నెమ్మేలిలో రెండు నిర్లవణీకరణ ప్లాంట్లున్నాయి, కానీ ఆ నీళ్లు నగరానికి. ఇంటికి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర ఉండాలి. ఉప్పటి బోరునీళ్లతో కాంక్రీటు కలిపితే లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బి, స్లాబు పెచ్చులూడుతుంది.

అందుకే నా ఓటు తీరానికి అర కిలోమీటరు లోపలున్న ఊళ్లలో హోంస్టేలకు, మంచి భోజనశాలలకు, శుభ్రమైన మరుగుదొడ్లకు. మహాబలిపురం దాటాక ఇవి బాగా తక్కువ. కడపాక్కం దగ్గర ఆలంపరై కోట శిథిలాల చుట్టూ బ్యాక్‌వాటర్ ఎంతో అందంగా ఉంటుంది, నీడలో కూర్చుని టీ తాగే చోటు మాత్రం వెతుక్కోవాలి. మరక్కాణం ఉప్పుమడుల్లో సంక్రాంతి తర్వాత పని మొదలవుతుంది, వానలొచ్చేదాకా సాగుతుంది. రోడ్డుమీంచే చూడొచ్చు, గట్లమీదికి వెళ్లాలంటే పనివాళ్లని అడిగి వెళ్లండి. తిరుగు ప్రయాణంలో రద్దీ ఎక్కువుంటే మహాబలిపురం పక్కన పూంజేరి దగ్గర ఓఎంఆర్‌కి (పాత మహాబలిపురం రోడ్డుకి) మళ్లి తిరుప్పోరూరు, కేళంబాక్కం మీదుగా రావచ్చు.

తీరం చూడటానికి జనవరి, ఫిబ్రవరి మంచివి. స్థలం చూడటానికైతే నవంబరులో, పెద్దవాన వెలిసిన మర్నాడు రండి. ఏ ప్లాటు చెరువవుతుందో, ఏ దారి మునుగుతుందో, కాలువ ఎంత దూరం పొంగుతుందో ఆ రోజే కంటికి కనిపిస్తుంది.