శాసనం చెప్పినా సరే, అడగాల్సిందే

హనుమకొండలో మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ వారం సరిచూడమని రెండు మాటలు ఇచ్చాను. జనగణమనను ప్రపంచంలోనే ఉత్తమ జాతీయ గీతంగా యునెస్కో ప్రకటించిందన్నది ఒకటి. 2021లో రామప్ప గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందన్నది రెండోది. రెండూ ఇంట్లో వాట్సాప్‌లో చూసినవే. నిజమేదో తేల్చమంటే మొదట అందరూ మెసేజ్‌నే మళ్లీ మళ్లీ చదివారు. దాన్ని పక్కన పెట్టి నేరుగా యునెస్కో సైట్‌లో వెతకమన్నాను. రామప్ప దొరికింది, గీతం ప్రకటన దొరకలేదు. అసలు అలాంటి ప్రకటనే లేదు.

తర్వాత రామప్ప గుడిలోని రాతి శాసనం దగ్గరికి వచ్చాం. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించాడని చెప్పేది అదే. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు: "సార్, కట్టించినాయనే రాయించుకుంటే గొప్పలు చెప్పుకోడా? దాన్నెట్ల నమ్ముడు?"

ఎంత సంతోషమేసిందో! మిగతా పీరియడ్ అంతా దాని మీదే నడిచింది. కట్టిన కాలం, కట్టించినవాడి పేరు వంటి వాటికి అప్పటి శాసనం గట్టి ఆధారం. పొగడ్తలను మాత్రం వేరే ఆధారాలతో పోల్చి చూడాలి. గుడిని చెక్కాడనే రామప్ప అనే శిల్పి కథ తరతరాలుగా చెప్పుకునేది, దాన్ని కథగానే చెప్పాలి.

దీనికి పరీక్షలో మార్కులు లేవు. అయినా నేను పీరియడ్లు కేటాయిస్తూనే ఉంటాను. గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయన్న మాటను ఎవరు, ఎలా పరీక్షించారో ఇప్పుడు పిల్లలే వెతుకుతున్నారు.